ఎవరు నిషేధించారండీ?

చాలా ఏళ్ళ కిందట ఒక పత్రికలో జిల్లా డెస్కు మీద పనిచేసేవాణ్ణి. ఓ సాయంత్రం ప్రెస్‌నోట్ ఒకటి వచ్చింది. పాత వంతెనకు మరమ్మతులు జరుగుతున్నాయి, రాత్రి పది దాటాక భారీ వాహనాలు వేరే దారిలో వెళ్తే మంచిది అని దాని సారాంశం. ఆరు లైన్ల వార్త, సింగిల్ కాలమ్. హెడ్డింగుకి చోటు లేదు, ఎడిషన్ టైమయిపోతోంది. "వంతెనపై రాకపోకలు నిషేధం" అని కొట్టి పేజీ వదిలేశాను.

పేపరొచ్చిన మర్నాడు పొద్దున ఫోన్ వచ్చింది. అవతలి మనిషి గొంతులో కోపం లేదు. ఇన్నేళ్ళయినా ఆ ఫోన్ నన్ను వదలకపోవడానికి బహుశా అదే కారణం. రాత్రి వాళ్ళ నాన్నగారికి ఆయాసం ఎక్కువైందట. ఆటోలో ఎక్కించుకున్నాక పేపర్లో చదివిన మాట గుర్తొచ్చి, వంతెన వైపు పోకుండా ఊరంతా చుట్టి ఆస్పత్రికి చేరారట. పెద్దాయనకు ప్రమాదమేమీ లేదు. "తర్వాత తెలిసింది, ఆటోలు మామూలుగానే వంతెన మీద తిరుగుతున్నాయని. అది సరే గానీ, అసలు ఎవరు నిషేధించారండీ?" అని అడిగారు.

నా దగ్గర జవాబు లేదు. కలెక్టరు నిషేధించలేదు, పోలీసులు నిషేధించలేదు, నోట్ పంపిన ఇంజనీర్లు "మంచిది" అన్నారు తప్ప అంతకు మించి ఒక్క మాట అనలేదు. నిషేధించింది నేను. మూడక్షరాల్లో కాలమ్‌లో ఇమిడిపోయింది కదా అని, ఏ అధికారమూ లేకుండా కుర్చీలో కూర్చుని ఒక వంతెన మూసేశాను.

నిషేధం అనే మాటతో నా పేచీ అక్కడ మొదలైంది. మాట చెడ్డదని కాదు. అది క్రియలోంచి పుట్టిన మాట, క్రియ అన్నాక కర్త ఉండాలి. మనం దాన్ని కర్త అక్కర్లేకుండా వాడి వాడి, తనంతట తాను జరిగిపోయే పనుల జాబితాలో చేర్చేశాం. వాన పడింది, పొద్దు పోయింది, నిషేధం వచ్చింది.

డెస్కు మీద ఈ మాట ఎంత చవకో చెప్పాలి. ఏజెన్సీ కాపీలో బ్యాన్ అని ఉంటే నిషేధం. సస్పెండ్ అన్నా నిషేధమే, రెస్ట్రిక్ట్ అన్నా నిషేధమే. "తాత్కాలిక నిలుపుదల" అని రాయడానికి తొమ్మిదక్షరాలు కావాలి, నిషేధానికి మూడు చాలు. "ఆంక్షలు" కూడా మూడే అయినా ఆ మాటలో పస లేదని చీఫ్ సబ్‌ఎడిటర్లు ఒప్పుకోరు. ఒక ఆటగాణ్ణి రెండు మ్యాచులు పక్కన కూర్చోబెట్టినా, ఒక మందును పూర్తిగా మార్కెట్లోంచి తీసేసినా పాఠకుడికి కనబడేది ఒకే మాట. 2022 జులై 1 నుంచి దేశంలో ఆగింది ఒకసారి వాడి పారేసే కొన్ని ప్లాస్టిక్ వస్తువులు: స్ట్రాలు, ప్లేట్లు, కప్పులు, బెలూన్ల పుల్లలు, ఐస్‌క్రీమ్ పుల్లలు వగైరా. వార్తల్లో మాత్రం "ప్లాస్టిక్‌పై నిషేధం". ఆ వార్త చదివి, చుట్టూ ఉన్న ప్లాస్టిక్ కుర్చీలూ బకెట్లూ చూసుకుని, ఈ నిషేధాలన్నీ ఇంతేలే అనుకున్నవాడిది తప్పంటారా? మాటను అంత వెడల్పుగా పరిస్తే పలచబడక ఏమవుతుంది.

ఒక్కసారి మాత్రం మనవాళ్ళు సరైన మాట పట్టుకున్నారు. 2016 నవంబర్ 8 రాత్రి అయిదొందల, వెయ్యి నోట్ల ప్రకటన వచ్చినప్పుడు ఇంగ్లిష్ పత్రికల్లో నోట్ బ్యాన్ అనే మాట బాగా తిరిగింది. తెలుగులో అందరూ "నోట్ల రద్దు" అన్నారు. అది చాలా సరైన మాట. రద్దు అంటే చెల్లుబాటు పోవడం. కాగితం అలాగే ఉంటుంది, దాని విలువ పోతుంది. మీరేదో చేశారని కాదు, మీ చేతిలోది ఇక పనికిరాదని. ఆ తర్వాత 2017లో చట్టం చేసి, పాత నోట్లు పదికి మించి దగ్గర పెట్టుకోవడం నేరమన్నారు. చదువూ పరిశోధనా నాణేల సేకరణా లాంటి పనులకైతే ఇరవై అయిదు. ఇదీ నిషేధమంటే. మొదటిది వస్తువుకు జరిగింది, రెండోది మనిషికి చెప్పింది. ఈ తేడా మనకు తెలుసన్నమాట, తెలిసీ మిగతా రోజుల్లో పట్టించుకోం.

గోడల మీద రాసేవాళ్ళ సంగతి వేరు. "ధూమపానం నిషేధం" అని బోర్డు. నిషేధం అంటే వద్దనడం అనే పని. వద్దన్న వస్తువు నిషిద్ధం. అంటే ఆ బోర్డు ప్రకారం పొగతాగడమంటే వద్దనడమే. "ధూమపానం నిషిద్ధం" అనాలి, లేదా "పొగతాగరాదు" అంటే గొడవే లేదు. నిషేధిత అనే మాట మీద కూడా ఒకప్పుడు కత్తి దూసేవాణ్ణి, నిషిద్ధ ఉండగా అదెందుకని. ఇప్పుడు మానేశాను. అది సంస్కృతంలోనూ ఎలాగోలా చెల్లుతుంది, తెలుగులో ఎప్పుడో చెల్లిపోయింది. "నిషేదం" అని వత్తు లేకుండా రాసేవాళ్ళను మాత్రం ఈ జన్మకు క్షమించలేను.

అసలు విషయం మరో బోర్డులో ఉంది. "ఇచ్చట ఫొటోలు తీయుట నిషేధించడమైనది." ఈ "అడమైనది" అనే ప్రత్యయం ఆఫీసు తెలుగు కనిపెట్టిన గొప్ప యంత్రం. తెలియజేయడమైనది, తిరస్కరించడమైనది, నిషేధించడమైనది. పని అయింది, చేసినవాడు లేడు. కత్తి ఉంది, రక్తం ఉంది, హంతకుడు మాత్రం లేడు. మామూలు మాటల్లోనూ మనం కర్తను వదిలేస్తాం, "కరెంటు తీసేశారు", "దారి మూసేశారు" అంటాం. కానీ ఆ "రు"లో ఎవరో ఉన్నారన్న స్పృహ మిగిలి ఉంటుంది. వెతికితే దొరుకుతారు. "అడమైనది"లో వెతకడానికి కూడా ఎవరూ లేరు.

మాట పుట్టుక చూస్తే ఇలా ఉండదు. ని అనే ఉపసర్గ, దాని తర్వాత సిధ్ అనే ధాతువు. సేధతి అంటే తోలడం, పక్కకు నెట్టడం. ఇకారం తగిలి సకారం షకారమైంది, విషాదంలో అయినట్టే. అంటే నిషేధం అనే మాటలోనే ఒక చెయ్యి అడ్డంగా చాచి ఉంది. చెయ్యి ఉందంటే ఆ చెయ్యి గల మనిషీ ఉన్నట్టే కదా.

సంస్కృతంలో వద్దనడానికి ఇంకా పొట్టి మాట ఒకటుంది: మా. రామాయణంలో వాల్మీకి నోట వచ్చిన తొలి శ్లోకం ఆ మాటతోనే మొదలవుతుంది, "మా నిషాద" అని. చిన్నప్పుడు నేను దాన్ని "మా నిషాదుడు" అనుకున్నాను, మా మావయ్య అన్నట్టు. పెద్దయ్యాక తెలిసింది, అది వద్దు అనే మాటని, శాపంగా మారిన వద్దు అని. ఆ శ్లోకాన్ని మళ్ళీ చూడండి. అంటున్నదెవరో తెలుసు, ఎదురుగా నిలబడ్డ ఋషి. ఎవరినో తెలుసు, నిషాదా అని పిలిచాడు, అంటే బోయవాడా అని. ఎందుకో కూడా అందులోనే ఉంది, క్రౌంచాల జంటలో ఒకదాన్ని కొట్టావు కాబట్టి. అంతా ముప్ఫై రెండు అక్షరాల్లో. మన ప్రభుత్వ ప్రకటనలు మూడు పేజీలుండి కూడా ఈ మూడింటిలో ఒకటి తప్పకుండా మరిచిపోతాయి.

వేదాలకు అర్థం తేల్చే పండితులు, మీమాంసకులు, ఈ మాట మీద శతాబ్దాల పాటు కూర్చున్నారు. వేదవాక్యాల్లో చెయ్యమనే విధి ఒక రకం, వద్దనే నిషేధం ఒక రకం. నిషేధానికి వాళ్ళిచ్చే స్టాక్ ఉదాహరణ "న కలంజం భక్షయేత్", కలంజం తినరాదు. తమాషా ఏమిటంటే కలంజమంటే ఏమిటో వ్యాఖ్యాతలే తలో మాటా చెబుతారు. విషం పూసిన బాణంతో చచ్చిన జంతువు మాంసమని ఒకరు, ఒక రకం ఉల్లి జాతి దుంప అని మరొకరు. వస్తువేమిటో చెప్పలేకపోయినా నిషేధం మాత్రం చెక్కుచెదరలేదు. మన ఇళ్ళలోనూ ఇలాంటి కలంజాలు కొన్ని ఉండే ఉంటాయి.

వాళ్ళు చెప్పిన ఇంకో మాట నాకు బాగా పనికొచ్చింది. ప్రసక్తమైనదాన్నే ప్రతిషేధిస్తారు అని. జరిగే అవకాశం, చేయాలన్న కోరిక ఉన్నచోటే వద్దనడానికి అర్థముంది. గాల్లో ఎగరరాదు అని ఎవరూ బోర్డు పెట్టరు. "ఈ గోడకు మూత్రము పోయరాదు" అని ఉందంటే ఆ గోడ చరిత్ర మొత్తం మీకు తెలిసిపోయినట్టే. ప్రతి నిషేధమూ ఎవరో ఏదో చేశారనడానికి సాక్ష్యం. అందువల్ల నిషేధాన్ని చదివేటప్పుడు రెండు వైపులా చూడాలి: ఎవరు వద్దంటున్నారు, ఎవరికి కావాలి.

కావాలి అన్నానుగా, ఇక ఇంట్లో మాటలకు వస్తాను. బడిలో తెలుగు వ్యాకరణం చెప్పేటప్పుడు "నిషేధార్థక వాక్యం" అని ఒకటి నేర్పిస్తారు, ఉదాహరణ "అల్లరి చేయవద్దు". ఆ పాఠం అక్కడితో అయిపోతుంది. నిజానికి మొదలవ్వాల్సింది అక్కడే. ఎందుకంటే తెలుగులో వద్దనడానికి ఒక్క మాట కాదు, ఒక కుటుంబమే ఉంది. వద్దు, కూడదు, రాదు, తగదు, వీల్లేదు, కుదరదు, చెల్లదు. గుంటూరు వైపు "చెయ్యమాక", నెల్లూరు వైపు "చెయ్యబాక". ఇవన్నీ ఒకటి కావు, ఏ రెండూ ఒకటి కావు.

వద్దు అంటే వలదు. వలయు అంటే కోరడం, అవసరమవడం. చేయవలెను, చేయాలి, కావాలి, అన్నీ దాని పిల్లలే. వలచడం, వలపు కూడా ఆ ఇంటివే. అంటే వద్దు అన్నప్పుడల్లా మనం అంటున్నది "కోరిక లేదు" అని. అందుకే ఆ ఒక్క మాట రెండు పనులు చేస్తుంది. "ఇంకొంచెం వడ్డించనా?" అంటే "వద్దు". అది నిరాకరణ. "గోడెక్కవద్దు" అంటే నిషేధం. రెండింటిలోనూ ఎవరో ఒకరి ఇష్టం లేకపోవడమే ఉంది. మొదటిదాంట్లో నా ఇష్టం, రెండోదాంట్లో అమ్మ ఇష్టం. వద్దు అనే మాటకు ఎప్పుడూ ఒక యజమాని ఉంటాడు, అతన్ని వెళ్ళి బతిమాలుకోవచ్చు. చిన్నప్పుడు అమ్మ "వద్దు" అంటే మేం ఆశ వదులుకునేవాళ్ళం కాదు. మూడుసార్లు అడిగితే "సరే పో, తొందరగా వచ్చెయ్" అయ్యేది. రెండేళ్ళ పిల్లలు నేర్చే తొలి మాటల్లో వద్దు ఒకటి. అమ్మ దగ్గర నేర్చుకుని అమ్మకే తిప్పి చెబుతారు. ఇటూ అటూ వాడుకోగల నిషేధం అదొక్కటే.

కూడదు అలా కాదు. కూడటం అంటే కలవడం, పొసగడం. కూడిక, కూడలి, కూటమి, ఆ కుటుంబం. కూడదు అంటే పొసగదు అని. ఎవరికి పొసగదు? దేనితో? మాట చెప్పదు. అమ్మ "వద్దు" అన్నప్పుడు ఎందుకని అడిగితే ఏదో ఒక కారణం వచ్చేది, అది అబద్ధమైనా సరే. "కూడదు" అన్నప్పుడు ఎందుకంటే "కూడదంటే కూడదు" అనే వచ్చేది. ఎవరన్నారు అంటే "పెద్దవాళ్ళు". మా అమ్మకు పెద్దవాళ్ళు మా అమ్మమ్మ, అమ్మమ్మకు వాళ్ళ పెద్దవాళ్ళు. ఆ వరస ఎక్కడికి పోయి ఆగుతుందో ఎవరికీ తెలియదు. బతిమాలుకోవడానికి అక్కడ మనిషి లేడు. బతిమాలడానికి మనిషి లేని నిషేధం వద్దు కన్నా ఎన్నో రెట్లు గట్టిది, ఆ గట్టితనం దానికి సరిగ్గా ఆ లోటు వల్లే వచ్చింది.

రాదు ఇంకా విచిత్రం. చేయ వచ్చు, చేయ రాదు. చేయడం మన దగ్గరికి వస్తుంది లేదా రాదు, మధ్యలో ఎవరి ప్రమేయమూ లేనట్టు. మాట్లాడేటప్పుడు "చెయ్యొచ్చు"కీ "చెయ్యొద్దు"కీ ఉన్న తేడా ఒక్క జంటాక్షరం. ఫోన్ సిగ్నల్ బాగాలేనప్పుడు డాక్టరు చెప్పింది "చ్చు"తో అయిపోయిందో "ద్దు"తో అయిపోయిందో తెలియక కంగారుపడిన రోజు నాకొకటుంది. మళ్ళీ చేసి అడిగేదాకా ఒకటే టెన్షన్.

ఈ రాదులోనే తెలుగువాళ్ళు చేసిన ఒక చమత్కారం ఉంది. చివర కాస్త సాగదీస్తే నిషేధం తిరగబడి ఆహ్వానమవుతుంది. "ఓసారి చూడరాదూ?" అంటే చూడమని. "ముందే చెప్పకూడదూ?" అంటే చెప్పాల్సింది అని. తెలంగాణలో అయితే సాగదీయను కూడా అక్కర్లేదు, "జర చెప్పరాదు" అంటే బతిమాలడమే.

ఒకసారి ఒక ఆఫీసు వరండాలో నిలబడి ఉన్నాను. గోడవారగా ఒక బెంచీ, దానికి పైన గోడకు అంటించిన కాగితం: "ఇచ్చట కూర్చొనరాదు." కింద ఎర్ర గీత. బెంచీ మీద ఓ పెద్దావిడ, ఒళ్ళో సంచీ, సంచీలోంచి తొంగి చూస్తున్న ప్లాస్టిక్ కవరు నిండా కాగితాలు. గంట నుంచీ నేను కాలు మార్చి కాలు మీద నిలబడటం చూస్తోంది. చివరికి ఆగలేక కాస్త పక్కకు జరిగి, బెంచీ మీద చేత్తో తట్టి, "ఎంతసేపు నిలవడ్తవు బిడ్డా, ఇట్ల కూసోరాదు" అంది. తల పైన గోడ మీద "కూర్చొనరాదు", తల కింద నోట్లో "కూసోరాదు". మాట ఒకటే. ఒకదాని వెనక ఎవరూ లేరు, రెండోదాని వెనక ఆవిడ ఉంది. నేను కూర్చున్నాను. ఎవరూ వచ్చి లేపలేదు.

ఇంతవరకూ చెప్పింది చదివి, ఇంటి తెలుగు మంచిది, ఆఫీసు సంస్కృతం చెడ్డది అని నేను అంటున్నట్టు అనిపిస్తే, ఆగండి. నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను. ఒక మాట నన్ను ఆపింది. అంటరానితనం.

ఆ మాటను విడదీసి చూడండి. అంట, రాని, తనం. తాకడం రాదు. అంటే మన భాషలోని అతి క్రూరమైన మాట కూడా ఈ రాదుతోనే తయారైంది. సంస్కృతం తెచ్చిపెట్టింది కాదు, ఏ ప్రభుత్వమూ జీవో ఇచ్చింది కాదు. అంటరాదు. ఎవరన్నారు? పెద్దవాళ్ళు. బావి దగ్గరకు రారాదు, గుళ్ళోకి రారాదు. బోర్డు లేదు, సంతకం లేదు, ఎప్పటిదాకా అనే మాట లేదు. పైగా మాట నిర్మాణంలో ఇంకో మోసం ఉంది. రాదు అనే నిషేధం నిజానికి అంటుకోకుండా దూరం జరిగేవాడు పెట్టుకున్నది. కానీ "అంటరాని" అనేసరికి అది అవతలి మనిషి గుణమై అతని ఒంటికి అతుక్కుంది. నిషేధించినవాడు తప్పుకున్నాడు, నిషేధం మాత్రం ఇంకొకడి పేరుగా మిగిలింది. కర్త లేని నిషేధం ఎంత దూరం పోగలదో చెప్పడానికి ఇంతకన్నా ఉదాహరణ నాకు తెలియదు.

దాన్ని ఆపడానికి కర్త ఉన్న నిషేధం కావలసి వచ్చింది. 1948 నవంబర్ 29న రాజ్యాంగ సభ ఆ అధికరణాన్ని ఆమోదించింది. ఇప్పుడది 17వ అధికరణం. అందులో ఇందాక నేను నోట్ల దగ్గర చెప్పిన రెండు మాటలూ పక్కపక్కన ఉన్నాయి. అంటరానితనం రద్దయింది, దాన్ని ఏ రూపంలో పాటించడమైనా నిషిద్ధం. రద్దుతో దాని చెల్లుబాటు తీసేశారు, నిషేధంతో పాటించేవాడి చెయ్యి పట్టుకున్నారు. ఒక్కటే ఉంటే చాలదు. చెల్లదని చెప్పి ఊరుకుంటే చెల్లకుండానే నడిచిపోయేవి మన దగ్గర బోలెడున్నాయి. ఆ మాట అర్థం మాత్రం రాజ్యాంగం ఎక్కడా నిర్వచించలేదు. నిర్వచించాల్సినంత తెలియని విషయమా అది! 1955లో శిక్షలతో చట్టం వచ్చింది, అదే 1976లో సవరణతో పౌరహక్కుల పరిరక్షణ చట్టమని పేరు మార్చుకుంది. అది ఎంత అమలైందన్నది వేరే వ్యాసం. ఇక్కడ నేను గమనించింది ఒకటే. "ఎవరు నిషేధించారండీ?" అనే ప్రశ్నకు మొదటిసారిగా జవాబుంది. భారత ప్రజలమైన మేము, అని పీఠికలోనే సంతకం పెట్టుకున్నాం.

కర్త ఉన్నంత మాత్రాన నిషేధం నిలబడుతుందనీ కాదు. మద్యం సంగతి చూడండి. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు సారా దుకాణం మీదికి కదిలినప్పుడు వాళ్ళది "వద్దు". ఇంట్లో చెప్పే వద్దు, ఫలానా మనిషి తాగి వస్తున్నాడు కాబట్టి నాకు వద్దు అనే వద్దు. చదువు నేర్పే రాత్రి బడుల దగ్గర రగిలిన ఆ మాట జిల్లాలు దాటింది. చరిత్రలో దాన్ని "సారా వ్యతిరేక ఉద్యమం" అంటున్నాం, సరైన పేరే. 1993లో ప్రభుత్వం సారాను ఆపింది. అది "సారా నిషేధం". 1995లో "సంపూర్ణ మద్యనిషేధం". 1997లో "సడలింపు". వరసగా చదివితే మాటలే కథ చెప్పేస్తాయి. వద్దు అన్నది ఆడవాళ్ళు, నిషేధించింది ప్రభుత్వం, సడలించిందీ ప్రభుత్వమే. వద్దు అన్నవాళ్ళ ఇష్టం మారిందో లేదో ఆ చివరి మాట దగ్గర ఎవరూ అడగలేదు. నిషేధాన్ని విధిస్తారు, పన్ను విధించినట్టు. తర్వాత ఎత్తేస్తారు, బరువు ఎత్తేసినట్టు. వద్దును ఎవరూ ఎత్తేయలేరు. అన్నవాళ్ళు వెనక్కి తీసుకోవాలంతే.

రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఇవాళ్టికీ ఆ శాఖ పేరు ప్రొహిబిషన్ అండ్ ఎక్సైజ్. ఒక చేత్తో నిషేధం, ఒక చేత్తో సుంకం. ఒకే గదిలో, ఒకే ఫ్యాను కింద. ఆ పేరు పెట్టినవాళ్ళకు హాస్యం తెలియదనుకోను.

ఇలా చెబుతూ పోతే ప్రభుత్వానికి నిషేధించడం చేతకాదనిపిస్తుంది గానీ, కాగితం మీద చేతనైన చోట్లున్నాయి. మనం 144 సెక్షన్ అనే నిషేధాజ్ఞలే తీసుకోండి. 2024 జులై 1 నుంచి కొత్త చట్టంలో అది 163, జనం నోట్లో మాత్రం ఇంకా నూట నలభై నాలుగే. నలుగురు గుమిగూడినప్పుడు దాని పేరు చెప్పి భయపెట్టడమే మనకు తెలుసు. చట్టంలో ఏముందో చూస్తే ఆశ్చర్యమేస్తుంది. ఆ ఆజ్ఞ రాతలో ఉండాలి. ఎందుకో అందులో రాయాలి. ఇచ్చిన అధికారి ఎవరో తెలుస్తుంది. రెండు నెలలకు మించి నడవదు, రాష్ట్ర ప్రభుత్వం పొడిగిస్తే మరో ఆరు నెలలు. ఎవరు, ఎందుకు, ఎప్పటిదాకా, మూడూ ఉన్నాయి. మరి పేచీ ఎక్కడొచ్చింది? ఆ కాగితం బయటికి చూపించకపోవడంలో. 2020 జనవరి 10న కాశ్మీర్ కేసులో సుప్రీంకోర్టు ఆ ఆజ్ఞలన్నీ ప్రచురించమని చెప్పాల్సి వచ్చింది, దెబ్బ తగిలినవాడు సవాలు చేసుకోవడానికి వీలుగా. కాగితం కనబడకపోతే 163 కూడా పెద్దవాళ్ళు చెప్పిన కూడదుతో సమానమే.

పొగతాగే బోర్డు దగ్గర కూడా ఇలాంటి మంచి నియమమే ఉంది, చాలామంది గమనించరు. 2008 అక్టోబర్ 2 నుంచి అమల్లో ఉన్న నిబంధనల ప్రకారం బోర్డు కనీసం 60 సెంటీమీటర్లు పొడవు, 30 వెడల్పు ఉండాలి, ఇక్కడ పొగతాగడం నేరమని చెప్పాలి. ఉల్లంఘిస్తే జరిమానా రెండు వందల రూపాయల దాకా. దానితోపాటు, ఎవరైనా తాగుతుంటే ఎవరికి ఫిర్యాదు చేయాలో ఆ మనిషి పేరు అందరికీ కనబడేలా పెట్టాలి. నిషేధం పక్కన ఒక మనిషి పేరు! ఆ నిబంధన రాసినవాళ్ళెవరో గానీ వాళ్ళకో దండం.

అప్పట్నుంచీ ఏ ఆఫీసుకెళ్ళినా ముందు ఆ బోర్డు వెతకడం నాకో జబ్బుగా మారింది. బోర్డుంటుంది, సిగరెట్ బొమ్మ మీద ఎర్ర గీత ఉంటుంది, పేరు ఉండాల్సిన చోట చుక్కల గీత ఉంటుంది. ఆ చుక్కల మీద అక్షరం చూసింది బహు తక్కువ. ఈమధ్య ఒకచోట నంబరు పిలిచేదాకా పనిలేక, కౌంటరు దగ్గరున్న కుర్రాణ్ణి అడిగాను, "ఇక్కడ ఎవరి పేరో ఉండాలి కదండీ" అని.

అతను బోర్డు వంక చూశాడు. అక్కడ చుక్కలున్నాయని అప్పుడే చూసినట్టున్నాడు.

"పేర్లు రాయకూడదండీ."

"ఎవరన్నారు?"

కాసేపు ఆలోచించాడు. "పై నుంచి" అన్నాడు, తల కాస్త పైకెత్తి. నేనూ తలెత్తి చూశాను. పైన ఫ్యాను తిరుగుతోంది.